గృహాలంకరణలో తొలి ఈజిప్టాలజీ ముద్రిత చిత్రాలు

నిర్వచనం, పరిధి

ప్రాచీన ఈజిప్టు ఆలయాలను, సమాధులను, శిల్పాలను అక్కడికక్కడే చూసి, కొలిచి, నకలు తీసి పండితులూ చిత్రకారులూ ప్రచురించిన బొమ్మలను పటాలు కట్టించి ఇంటి గోడలను అలంకరించే సంప్రదాయం ఈ వ్యాసానికి విషయం. ఈజిప్టు ప్రాచీన నాగరికతను లిపి, కట్టడాలు, వస్తువుల ఆధారంగా అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఈజిప్టాలజీ అంటారు. అందులో తొలి దశగా 1798 నాటి ఫ్రెంచి దండయాత్ర మొదలు 1922లో టుటంఖామున్ సమాధి బయటపడేంతవరకు గల కాలాన్ని ఈ వ్యాసం పరిగణిస్తుంది. రాగిరేకు మీదనో రాతి మీదనో బొమ్మ సిద్ధం చేసి ఆ కాలంలోనే కాగితం మీదికి దించిన ప్రతిని ఇక్కడ మూల ముద్రణ అనీ, దానిని తర్వాతి కాలంలో ఛాయాచిత్రం తీసి మళ్లీ అచ్చువేసిన ప్రతిని పునర్ముద్రణ అనీ వ్యవహరించడం జరిగింది. ఈ బొమ్మలలో అత్యధిక భాగం గోడల కోసం పుట్టినవి కావు. అవి శాస్త్ర గ్రంథాల పుటలు. కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో గీశారో తెలిసినప్పుడే వాటి అలంకార విలువ కూడా పూర్తిగా అర్థమవుతుంది.

పూర్వరంగం

ఫ్రెంచి దండయాత్రకు ముందే యూరపులో ఈజిప్టు బొమ్మలు అచ్చులో ఉన్నాయి. డెన్మార్కు నౌకాదళ అధికారి ఫ్రెడరిక్ నార్డెన్ 1737–38లో నైలు నది వెంట ప్రయాణించి గీసిన చిత్రాలు 1755లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. రోము నగరంలో జొవాన్ని బత్తిస్త పిరానేసి 1769లో ప్రచురించిన నిప్పుగూళ్ల అలంకరణ గ్రంథంలో ఈజిప్టు శైలి నమూనాలు చాలా కనిపిస్తాయి గాని, అవి రోముకు చేరిన విగ్రహాలను ఊహతో కలిపి అల్లినవే తప్ప ఈజిప్టును చూసి గీసినవి కావు.

గోడను ముద్రిత చిత్రాలతో నింపే అలవాటు కూడా ఇదే శతాబ్దానిది. ఇంగ్లండు, ఐర్లండు దేశాల సంపన్న గృహాలలో ఒక గది గోడలన్నింటికీ చెక్కడపు బొమ్మలను నేరుగా అతికించి, వాటి చుట్టూ కాగితపు చట్రాలూ తోరణాలూ అంటించేవారు. ఐర్లండులోని కాసిల్‌టౌన్ భవనంలో అటువంటి గది నేటికీ నిలిచి ఉంది. ఈజిప్టు చిత్రాలు ఇళ్లలోకి రావడానికి ఈ అలవాటు ముందే దారి వేసింది.

దండయాత్ర, ‘ఈజిప్టు వర్ణన’

1798 జూలైలో నెపోలియన్ సైన్యం అలెగ్జాండ్రియా వద్ద దిగినప్పుడు దాని వెంట నూట అరవైకి పైగా పండితులు, ఇంజనీర్లు, చిత్రకారులు ఉన్నారు. వారిలో వివాన్ డెనాన్ ఎగువ ఈజిప్టుకు సాగిన సైనిక దళంతో కలిసి వెళ్లి, దళం ఆగిన కొద్ది సమయంలోనే దెందెరా, ఎద్ఫు, కర్ణాక్ ఆలయాలను గీశాడు. 1802లో ఆయన ప్రచురించిన యాత్రాగ్రంథం వెంటనే ఇతర యూరపు భాషలలోకి వెళ్లింది. తొందరలో గీసిన గుర్తులు ఆ బొమ్మలలో కనిపిస్తాయి. అయినా ఇసుకలో సగం పూడిన కట్టడం ఎదుట నిలబడిన మనిషి విస్మయాన్ని అంత సూటిగా పట్టుకున్న చిత్రాలు తర్వాత కాలంలోనూ తక్కువే.

పండిత బృందం అంతా కలిసి చేసిన పని ‘ఈజిప్టు వర్ణన’ అనే బృహద్గ్రంథంగా 1809 నుంచి 1828 వరకు సంపుటాలుగా వెలువడింది. అందులో సుమారు 900 చిత్రఫలకాలు ఉన్నాయి. ప్రాచీన కట్టడాలు, ఆనాటి ఈజిప్టు జనజీవనం, వృక్షజంతు జాతులు, దేశపటాలు అనే విభాగాలుగా అవి అమరి ఉన్నాయి. ఆకాశం, చదునైన గోడ వంటి చోట్ల వందలాది సమాంతర రేఖలను చేత్తో చెక్కవలసిన శ్రమను తగ్గించడానికి నికొలా జాక్ కొంతే ఒక యంత్రాన్ని రూపొందించాడు. ఈ ఫలకాలలోని ఆకాశం అంత నునుపుగా, ఒకే వన్నెతో కనిపించడానికి కారణం అదే. అతిపెద్ద ఫలకాల పొడవు మీటరుకు పైనే ఉండడం వల్ల సంపుటాలను దాచడానికి ఈజిప్టు శైలిలో ప్రత్యేకంగా బీరువాలు చేయించారు. ఆ విధంగా ఈ గ్రంథం తాను వెలువడుతున్న రోజుల్లోనే ఇంటి సామానుకు నమూనాగా మారింది.

ఈ ఫలకాలు గీసిన నాటికి చిత్రలిపి చదవడం ఎవరికీ రాదు. 1799లో రషీద్ పట్టణం వద్ద దొరికిన రొసెట్టా శిల ఆధారంగా షాంపోలియన్ తన పరిష్కారాన్ని 1822లో ప్రకటించాడు. అందుచేత అంతకు ముందు అచ్చయిన చిత్రాలలో అక్షరాల రూపాలు అక్కడక్కడ తప్పిపోయాయి. ఇది లోపమే అయినా, ఒక ముద్రణ ఏ దశకు చెందినదో గుర్తించడానికి చక్కని ఆనవాలు కూడా. (చూడు: చిత్రలిపి, రొసెట్టా శిల)

లిపి తెలిసిన తర్వాత

చిత్రలిపి చదవగలిగిన తర్వాత సర్వేలు మరింత కచ్చితంగా సాగాయి. 1828–29లో షాంపోలియన్, ఇటలీ పండితుడు రొసెల్లీని కలిసి నడిపిన యాత్ర ఫలితాలు ఇద్దరి పేర్లతో రెండు వేరువేరు గ్రంథాలుగా వెలువడ్డాయి. 1842–45లో ప్రష్యా రాజ్యం పంపిన లెప్సియస్ బృందం 12 సంపుటాలలో 894 ఫలకాలు ప్రచురించింది. ఈ శాస్త్రీయ ఫలకాలలో తెల్లని నేల మీద సన్నని రేఖలే ప్రధానంగా ఉంటాయి కనుక అవి చదువుకునే గదికి బాగా అమరుతాయి.

వీటికంటే ముందు, 1817లో, జొవాన్ని బెల్జోని రాజుల లోయలో మొదటి సేతి సమాధిని కనుగొన్నాడు. అలెసాండ్రో రిచ్చితో కలిసి దాని గోడచిత్రాలకు రంగులలో నకళ్లు తీసి, 1821లో లండన్‌లోని పికడిల్లీ వీధిలో ఆ సమాధి గదుల ప్రతిరూపాలను ప్రదర్శించాడు. బెల్జోనితో పాటు తర్వాతి వారూ గోడలపై తడి అచ్చులు తీయడంతో అసలు రంగు చాలావరకు ఊడిపోయింది. కనుక ఆ తొలి నకళ్లకు ఇప్పుడు మూలప్రమాణంతో దాదాపు సమానమైన విలువ ఏర్పడింది.

డేవిడ్ రాబర్ట్స్ దృశ్యచిత్రాలు

ఇళ్లలో అత్యధికంగా కనిపించే ఈజిప్టు ముద్రిత చిత్రాలు స్కాట్లండుకు చెందిన డేవిడ్ రాబర్ట్స్ గీసినవి. నాటకశాలల తెరలు చిత్రించే పనితో జీవితం మొదలుపెట్టిన ఈయన 1838లో ఈజిప్టు చేరి, నైలు మీద అబూ సింబెల్ వరకు పడవలో ప్రయాణించి గీసిన నీటిరంగుల చిత్రాలను బెల్జియంలో పుట్టిన లూయీ హాగ్ రాతి మీదికి దించాడు. పవిత్ర భూమి, ఈజిప్టు, నూబియాలకు సంబంధించి 1842 నుంచి 1849 వరకు వెలువడిన ఈ సంపుటాలలో సుమారు 250 చిత్రాలు ఉన్నాయి.

తెరచిత్రకారుడి కన్ను ప్రతి బొమ్మలోనూ పనిచేస్తుంది. ముందుభాగంలో మనుషులు చాలా చిన్నగా, వెనుక స్తంభాలు మహోన్నతంగా ఉండి, సాయంకాలపు వెలుగు పక్కనుంచి పడుతుంది. ఇసుక, తేనె, బూడిదనీలం వన్నెలకే ఈ చిత్రాలు పరిమితమవుతాయి. అందువల్ల ఏ రంగు గోడ మీదనైనా ఇమిడిపోయే గుణం వీటికి ఉంది, నాటికీ నేటికీ తగ్గని ఆదరణకు అది ఒక కారణం. రెండో కారణం చారిత్రకమైనది. అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య కోసి ఎత్తైన చోటికి తరలించారు, ఫిలే ఆలయాలను 1970లలో పక్క దీవికి మార్చారు. వాటిని అసలు తావులో చూపే రంగుల చిత్రాలుగా రాబర్ట్స్ బొమ్మలకు స్థానం ఉంది.

అలంకార నమూనాలు, నకలు చిత్రాలు

1833లో ఈజిప్టు వెళ్లిన ఓవెన్ జోన్స్ 1856లో ‘అలంకార వ్యాకరణం’ అనే గ్రంథం ప్రచురించి, అందులో ఎనిమిది ఫలకాలను ఈజిప్టుకు కేటాయించాడు. తామర, పాపిరస్ మొక్కల రూపాలు, స్తంభశీర్షాలు, సమాధుల పైకప్పుల అల్లికలు ఇందులో చదునైన గట్టి రంగులలో ఉంటాయి. పూర్తి దృశ్యం కాక నమూనా మాత్రమే కావలసినవారికి, ముఖ్యంగా గోడకాగితాలూ వస్త్రాలూ రూపొందించేవారికి, ఇది ఆధారగ్రంథమైంది. ఎమీల్ ప్రిస్ దావెన్ 1870ల చివర పూర్తిచేసిన ఈజిప్టు కళాచరిత్ర చిత్రాలలో వర్ణ శిలాముద్రణ తన పరాకాష్ఠకు చేరింది. బంగారం, ఇటుకెరుపు, నీలం రంగులు ఒకదాని పక్కన ఒకటి కలవకుండా నిలుస్తాయి.

నకలు చిత్రం అనేది వేరే తరగతి. దృశ్యాన్ని కాక, గోడ ఉపరితలాన్నే ఉన్నదున్నట్టు దించడం దాని లక్ష్యం. 1891లో పదిహేడేళ్ల హోవర్డ్ కార్టర్ బెనీ హసన్ సమాధులలో చిత్రాలు నకలు తీసే పనితోనే ఈజిప్టులో అడుగుపెట్టాడు. ఈ రంగంలో అగ్రస్థానం మాత్రం నీనా డేవిస్‌ది. భర్త నార్మన్‌తో కలిసి న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల తరఫున థీబ్స్ సమాధులలో పనిచేసిన ఆమె, పారదర్శకమైన నీటిరంగులను విడిచి, ముద్దగా కప్పే టెంపెరా రంగులను ఎంచుకొంది. ప్రాచీన చిత్రకారుడు సున్నపు పూత మీద వేసిన రంగు తీరుకు అది దగ్గరగా ఉండడమే కారణం. పెచ్చులూడిన చోటు, గీత పడిన చోటు కూడా ఆమె చిత్రంలో ఉంటాయి. పోయిన భాగాన్ని ఊహించి పూరించదు. ఆమె ఎంపిక చేసిన 104 చిత్రాలు 1936లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వచ్చాయి. అందంలో గాని, నిజాయతీలో గాని ఇంటి గోడ మీద పెట్టుకోవడానికి ఇంతకు మించిన ఈజిప్టు చిత్రాలు అరుదు. మైదూమ్ బాతుల వరుసకు చార్లెస్ విల్కిన్సన్ తీసిన నకలు కూడా ఈ కోవకే చెందుతుంది.

మాక్సీమ్ ద్యు కాంప్, ఫ్రాన్సిస్ ఫ్రిత్ తీసిన 1850ల ఛాయాచిత్రాలను కూడా కొందరు ఈ శ్రేణిలో అలంకరణకు వాడతారు. (చూడు: ఛాయాచిత్రకళ, తొలి దశ)

ముద్రణ పద్ధతులు, గుర్తించే విధానం

రాగిరేకు చెక్కడంలో గీతను లోహంలోకి తవ్వి, గాడిలో సిరా నింపి, తడి కాగితాన్ని బలంగా అదుముతారు. అందువల్ల కాగితంపై రేకు అంచుల మేర పల్లపు గుర్తు పడుతుంది, సిరా గీత వేలికి కొద్దిగా ఎత్తుగా తగులుతుంది. శిలాముద్రణను అలాయిస్ సెనెఫెల్డర్ 1790ల చివర కనుగొన్నాడు. నీరూ జిడ్డూ కలవవన్న సూత్రం మీద పనిచేసే ఈ పద్ధతిలో రాయి మీద జిడ్డు సుద్దతో గీయడం వల్ల గీతలో రాతి గరుకు కనిపిస్తుంది, రేకు గుర్తు ఉండదు. రాబర్ట్స్ చిత్రాలు ఈ తరగతివి; ఒకటి రెండు వన్నెలు రాళ్ల నుంచి అచ్చువేసి, ఖరీదైన ప్రతులకు మిగతా రంగులు చేత్తో వేసేవారు. వర్ణ శిలాముద్రణలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి వాడి, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి పడేలా చూస్తారు.

నేటి ఆఫ్‌సెట్ పునర్ముద్రణను భూతద్దంతో చూస్తే చిన్న చుక్కల గుంపులు కనబడతాయి. నూలు కాగితంపై వర్ణద్రవ్యపు సిరాతో వేసే ఇంక్‌జెట్ ప్రతులు వెలుతురుకు ఎక్కువ కాలం నిలుస్తాయి. విక్రేత ‘మూల ముద్రణ’ అన్నప్పుడు రేకు గుర్తు, కాగితపు వెనుకవైపు, అంచుల తీరు చూడడం కొనుగోలుదారు చేయవలసిన మొదటి పని.

పర్యాటక ప్రాంతాలలో పాపిరస్ మీద అమ్మే చిత్రాలది ప్రత్యేక విషయం. పాపిరస్ తయారీని ఈజిప్టులో 1960లలో దౌత్యవేత్త హసన్ రగాబ్ పునరుద్ధరించాడు. అయితే అరటి నారతో చేసిన చవక పత్రాలను కూడా ఆ పేరుతో అమ్ముతుంటారు.

ఇంటి అలంకరణలో వ్యాప్తి

లండన్‌లోని డచెస్ వీధిలో థామస్ హోప్ 1804లో సందర్శకులకు తెరిచిన తన ఇంట్లో ఒక గదిని పూర్తిగా ఈజిప్టు శైలిలో తీర్చాడు. 1807లో ప్రచురించిన గృహోపకరణాల గ్రంథంలో డెనాన్ పుస్తకాన్ని తన ఆధారాలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఫ్రాన్సులో సేవ్ర్ పింగాణీ కర్మాగారం డెనాన్ చిత్రాలనే పళ్లాల మీదికి ఎక్కించింది. ఆ భోజనపాత్రల రెండో సెట్టును నెపోలియన్ మాజీ భార్య జోసెఫీన్ తిరస్కరించగా, 1818లో పద్దెనిమిదో లూయీ దానిని వెల్లింగ్టన్ ప్రభువుకు కానుకగా ఇచ్చాడు. నేడది లండన్‌లోని ఆప్స్లీ భవనంలో ఉంది. 1922 నవంబరులో టుటంఖామున్ సమాధి దొరికాక ఈ అభిరుచి మరోసారి పెల్లుబికి, ఆర్ట్ డెకో శైలిలో స్థిరపడింది. (చూడు: ఆర్ట్ డెకో, సామ్రాజ్య శైలి)

ఎంపిక, అమరిక

ఈజిప్టు చిత్రరచనకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. దృశ్యాన్ని అడ్డవరుసలుగా విభజిస్తారు. ముఖం పక్కనుంచి, కన్నూ భుజాలూ ఎదుటినుంచి చూపుతారు. పురుషుల ఒళ్లు ఎర్రమట్టి రంగులో, స్త్రీలది పసుపు వన్నెలో వేస్తారు. చిత్రలిపిలో మనుషుల, పక్షుల బొమ్మలు పంక్తి మొదలయ్యే వైపుకు ముఖం తిప్పి ఉంటాయి. కాబట్టి అచ్చువేసేటప్పుడు చిత్రాన్ని అద్దంలో చూసినట్టు తిరగేస్తే అలంకరణ చెడదు గాని, రూపాల దిశా దాని అర్థమూ తారుమారవుతాయి. చవకరకపు పునర్ముద్రణలలో ఈ పొరపాటు ఉందేమో మూలంతో పోల్చి చూడడం అవసరం. మరోవైపు ఆలయ ద్వారాలకు ఇరుపక్కలా ఎదురెదురు దిశలలో చెక్కడం ప్రాచీనుల పద్ధతే. అందువల్ల ఎదురెదురు చూపులున్న రెండు వేరు చిత్రాలను గుమ్మానికి చెరోవైపు పెట్టడం ఆ సంప్రదాయానికి సరిగ్గా సరిపోతుంది.

వరుసల దృశ్యాలు అడ్డంగా పొడవైన గోడకు, స్తంభశీర్షాల ఫలకాలు కిటికీల మధ్య ఇరుకు చోట్లకు అమరుతాయి. సన్నరేఖల శాస్త్రీయ ఫలకాలను నాలుగైదు కలిపి ఒకే కొలత చట్రాలలో పెడితే మూలగ్రంథపు పుటల క్రమం నిలుస్తుంది. రాబర్ట్స్ దృశ్యానికి చుట్టూ ఖాళీ గోడ ఉండాలి. సమాధిలోని బొమ్మలు పడకగదిలో తగవని భావించేవారూ ఉన్నారు. అయితే థీబ్స్ సమాధుల గోడల మీద ఉన్నవి ఎక్కువగా పంటకోత, పక్షివేట, విందు, తోట వంటి జీవన దృశ్యాలు. బ్రిటిష్ మ్యూజియంలోని నెబమూన్ సమాధి ఖండాలు వాటిలో ప్రసిద్ధమైనవి.

పటం కట్టడం, సంరక్షణ

పటం కట్టేటప్పుడు చిత్రం గాజుకు నేరుగా తగలకుండా మధ్యలో ఆమ్లరహిత మౌంటు బోర్డు ఉంచాలి. మూల ముద్రణను టేపుతో గాని, జిగురుతో గాని బోర్డుకు అతికించరాదు. గోధుమ గంజితో అంటించిన పలుచని జపనీయ కాగితపు పట్టీలతో పైఅంచున వేలాడదీయడం సంరక్షకుల పద్ధతి. చేత్తో వేసిన నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతే తిరిగి రావు కనుక, కాగితపు చిత్రాల మీద వెలుగు 50 లక్స్ మించకూడదని ప్రదర్శనశాలలు నియమం పాటిస్తాయి. ఇంట్లో అది కష్టసాధ్యమైనా, కిటికీకి ఎదురు గోడను తప్పించి, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు వాడడం అందరికీ వీలవుతుంది. చిత్రం నడిబొడ్డు నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలుచున్నవారి చూపుకు అందుతుంది.

కోస్తా జిల్లాల వంటి చెమ్మ ప్రాంతాలలో వానకాలమే అసలు పరీక్ష. చెమ్మ పట్టిన కాగితంపై గోధుమరంగు మచ్చలు వస్తాయి, వెనుక అట్టలోకి చెదలు చేరతాయి. చట్రం వెనుక నాలుగు మూలలా చిన్న బిరడాలు అతికించి గోడకూ పటానికీ మధ్య గాలి ఆడేలా చేయడం, బయటి గోడకు కాక లోపలి గోడకు వేలాడదీయడం మేలు. చట్రం వెనుక చిత్రకారుడి పేరు, స్థలం, సంవత్సరం, ముద్రణ పద్ధతి, అసలు వస్తువు ఇప్పుడున్న చోటు రాసి ఉంచాలి. ఈ వివరాలు లేని చిత్రం మరుసటి తరానికి కేవలం అలంకారమైపోతుంది.

మూలచిత్రాల హక్కుల కాలం చాలావరకు ముగిసింది. మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల 2017 నుంచి తన సేకరణలోని హక్కులు లేని చిత్రాలను ఉచితంగా వాడుకోనిస్తోంది. న్యూయార్కు పౌరగ్రంథాలయం, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కూడా ఈ ఫలకాల ప్రతులను అంతర్జాలంలో ఉంచాయి. సంపుటాలను విడదీసి ఒక్కొక్క ఫలకాన్నీ అమ్మే వ్యాపారం వల్ల పూర్తి గ్రంథాలు అరుదవుతున్నందున, ఇంటికి మంచి పునర్ముద్రణ వేయించుకోవడమే సముచితం.

ప్రాముఖ్యం, విమర్శ

ఈ చిత్రాలలో కొన్నింటికి అసలు కట్టడాలు మిగలలేదు. ఎలిఫెంటీన్ దీవిలో మూడో అమెన్‌హోటెప్ కట్టించిన చిన్న ఆలయాన్ని 1822లో రాళ్ల కోసం కూల్చివేశారు. దాని రూపం ‘ఈజిప్టు వర్ణన’ ఫలకాలలోనే పూర్తిగా తెలుస్తుంది. కైరోలోని ఈజిప్టు పరిశోధనా సంస్థ 2011 డిసెంబరులో తగలబడినప్పుడు వేల గ్రంథాలు నష్టపోయాయి. ఒక గ్రంథం పలుచోట్ల అచ్చుప్రతులుగా ఉండడం ఎంత రక్షణో ఆ ఘటన చూపింది.

విమర్శ కూడా అంతే గట్టిది. ఎడ్వర్డ్ సయీద్ 1978లో వెలువరించిన ‘ఓరియంటలిజం’ గ్రంథంలో ‘ఈజిప్టు వర్ణన’ను ఒక దేశాన్ని ఆక్రమించే శక్తి ఆ దేశపు జ్ఞానాన్ని కూడా తన సొత్తుగా మలచుకున్న ఉదాహరణగా చర్చించాడు. దృశ్యచిత్రాలలో స్థానికులు తరచు కట్టడపు కొలతను చూపే చిన్న ఆకారాలుగానే మిగిలారు, ఇసుక తవ్విన కూలీల పేర్లు ఫలకాల మీద లేవు. నకలు తీసినవారే కొన్నిసార్లు అసలును కోసుకుపోయారు: ప్రిస్ దావెన్ 1843లో కర్ణాక్ ఆలయపు రాజుల జాబితా గదిని రహస్యంగా విడదీసి ఫ్రాన్సుకు చేర్చాడు. పురావస్తువుల ఎగుమతిని నిషేధిస్తూ ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ 1835లోనే ఆజ్ఞ జారీ చేసి ఉన్నాడు. సౌందర్యం ఈ చరిత్రను రద్దు చేయదు, ఈ చరిత్ర వల్ల చిత్రాల ప్రామాణికత తగ్గదు. రెండూ తెలిసి చూడడం న్యాయం.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర ప్రదర్శనశాలలో ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో టుటంఖామున్ సింహాసనపు ప్రతిరూపం చూడవచ్చు. ముద్రణ పరంగా దగ్గరి బంధుత్వం మరొకటి ఉంది: రవివర్మ 1894లో బొంబాయిలో ప్రారంభించిన ముద్రణాలయం నుంచి తెలుగు ఇళ్ల పూజాగదులకు చేరిన లక్ష్మీ సరస్వతుల పటాలు కూడా ప్రిస్ దావెన్ ఫలకాల మాదిరిగా రంగుకొక రాయి చొప్పున అచ్చయినవే. సర్వే చిత్రాల విషయానికొస్తే, ‘ఈజిప్టు వర్ణన’ సంపుటాలు పారిస్‌లో వెలువడుతున్న సంవత్సరాలలోనే, 1816 నుంచి, కాలిన్ మెకంజీ బృందం అమరావతి స్తూపపు శిల్పఫలకాలను కొలిచి గీసింది. ఆ ఫలకాలలో ఎన్నో తర్వాత సున్నపు బట్టీల పాలయ్యాయి. లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్న ఆ చిత్రాల సంపుటమే వాటిలో కొన్నింటికి నేడు మిగిలిన ఆధారం. (చూడు: అమరావతి స్తూపం, మెకంజీ, కాలిన్)